రాయలు అంత గొప్ప సేనాని అయితే ఉదయగిరికి ఏడాదిన్నర ఎందుకు పట్టింది?

పర్లాకిమిడి మాస్టారు:

నేను పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్లుగా సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. మా తరగతిలో సగం మంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, సగం మంది ఒడియా. మా ఊరి నుంచి ఆంధ్రలోని పాతపట్నం నడిచిపోయేంత దూరం. ఇలాంటి చోట విజయనగర రాజు శ్రీకృష్ణదేవరాయలు, ఒరిస్సా రాజు ప్రతాపరుద్ర గజపతి యుద్ధాల పాఠం చెప్పడమంటే అన్నదమ్ముల ఆస్తి తగాదాలో పెద్దమనిషిగా కూర్చోవడమే.

పోయిన గురువారం తరగతి గది నేల మీద సుద్దముక్కతో తీరం గీశాను. కృష్ణ, గోదావరి గీశాను. కోటలున్న చోట్ల చింతగింజలు పెట్టాను. ఉదయగిరి, అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, కొండవీడు, కొండపల్లి, రాజమహేంద్రవరం. రాయలు వీటిని ఎలా గెలుచుకుంటూ వచ్చాడో చెబుతుంటే ఒక తెలుగు పిల్లవాడు ఉత్సాహం పట్టలేక ముందుకొచ్చి, అరచేత్తో గింజలన్నీ ఒక్కసారి ఊడ్చేశాడు. "రాయలు వచ్చాడు, గజపతి పారిపోయాడు, అంతే కదా మాస్టారూ!" అన్నాడు. తెలుగు పిల్లలు చప్పట్లు కొట్టారు.

అప్పుడు వెనక వరుసలోంచి ఒక ఒడియా అమ్మాయి లేచింది. ముందు ఒడియాలో అడిగింది. తర్వాత అందరికీ అర్థం కావాలని తెలుగులో అడిగింది. "పారిపోయేవాళ్ల కోట పట్టుకోవడానికి ఏడాదిన్నర ఎందుకు పట్టింది? సింహాచలం దాకా గెలిచినవాడు కృష్ణకు ఉత్తరాన ఉన్నదంతా తిరిగి ఎందుకిచ్చేశాడు?"

ఉదయగిరి చాలా ఎత్తైన కొండమీది కోట అని చెప్పబోయాను. "మరి అలాంటి కోటను మావాళ్లు అన్నాళ్లు కాపాడుకున్నారు కదా, అది గొప్ప కాదా?" అంది. గంట కొట్టారు. నేను గింజలు ఏరుకుంటూ ఉండిపోయాను.

ఆ రెండు ప్రశ్నలూ ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు. ఇన్నేళ్లుగా నేను ఈ పాఠాన్ని విజయాల జాబితాగా చెప్పుకుంటూ వచ్చాను. ఏడాదిన్నర ముట్టడి అని నోటితో అన్నానే గాని, ఆ ఏడాదిన్నరలో ఏం జరిగి ఉంటుందో ఒక్క రోజు కూడా ఆలోచించలేదు. ప్రతాపరుద్రుడు నిజంగా చేతగాని సేనానేనా? ఉత్తరాది భూములు తిరిగి ఇవ్వడం రాయల వ్యూహమా, గత్యంతరం లేకనా? తెలిసినవారు చెప్పండి. ఎవరినీ పొగడమని అడగడం లేదు. సోమవారం నలభై మంది పిల్లల ముందు నిలబడాలి.

బరంపురం పట్టుబట్టల వ్యాపారి:

మాస్టారూ, ప్రశ్న అడగడం తప్పు కాదు గాని, అందులో రాయల మీద చిన్నచూపు ధ్వనించింది. అది నాకు బాధ కలిగించింది. మా తాతల కాలం నుంచి బరంపురంలోనే మగ్గాలు, దుకాణమూ. ఊరు ఒడియాదే, మా తిండీ నిద్రా ఈ ఊరివే. అయినా మా ఇంటి గోడ మీద రాయల పటం ఉంది, ఉంటుంది.

లెక్క చూడండి. 1509లో పట్టాభిషేకం. 1514లో ఉదయగిరి పడింది, గజపతికి పినతండ్రి వరసైన తిరుమల రౌతరాయడు బందీ అయ్యాడు. 1515 జూన్‌లో కొండవీడు పడింది, గజపతి కన్నకొడుకు వీరభద్రుడు బందీ అయ్యాడు. తర్వాత కొండపల్లి, రాజమహేంద్రవరం. 1516లో సింహాచలం అప్పన్న దగ్గర తల్లిదండ్రుల పుణ్యం కోసం 991 ముత్యాల హారం సమర్పించి శాసనం వేయించాడు. పొట్నూరులో జయస్తంభం నాటించాడు. కన్నకొడుకు కోటలో చిక్కుకుంటే విడిపించలేని రాజును గొప్ప సేనాని అని ఎలా అనమంటారు?

ఇక 1520లో రాయచూరు. బీజాపూరు సుల్తాన్ ఆదిల్ షా ఫిరంగులన్నీ ఒక్కసారిగా పేలితే విజయనగరం ముందు వరుస చెదిరిపోయింది. వెనక్కి తగ్గడానికి అందరికీ కారణం దొరికిన ఘడియ అది. రాయలు గుర్రమెక్కి రెండో దళాన్ని తీసుకుని ముందుకే ఉరికాడు. ఫిరంగుల్లో మళ్లీ మందు కూరే వ్యవధి ఇవ్వలేదు. సేనాని అంటే అదీ! ఆ అమ్మాయికి ఈ కథ చెప్పండి.

విశ్రాంత సుబేదారు, రాయగడ:

మాస్టారు గారికి నమస్కారం. నేను సైన్యంలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం సరఫరా దళంలో, కొండదారుల్లో కంచర గాడిదల వెంట. తుపాకీ కన్నా బియ్యం బస్తా ఎక్కువ మోశాను. అందుకే మీ అమ్మాయి అడిగిన ప్రశ్న నాకు సూటిగా తగిలింది.

వ్యాపారి గారు చెప్పిన రాయచూరు ఘట్టం నాకూ ఇష్టమే. కాని రాయల గొప్పతనం అక్కడి కన్నా ఉదయగిరి కింద ఎక్కువ కనిపిస్తుందని నా నమ్మకం. గుర్రమెక్కి ఉరకడానికి ఒక్క ఘడియ ధైర్యం చాలు. ఒకే కొండ కింద పద్దెనిమిది నెలలు సైన్యాన్ని చెదరకుండా నిలపడానికి ఏం కావాలో అనుభవించినవాడికే తెలుస్తుంది.

విజయనగరంలో ఉండి వెళ్లిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ ఆ ముట్టడి గురించి రాశాడు. రాయల దగ్గర 34 వేల కాల్బలం, 800 ఏనుగులు. కోటలో పదివేల కాల్బలం, 400 గుర్రాలు. దారి ఎంత ఇరుకంటే మనుషులు ఒకరి వెనక ఒకరు మాత్రమే నడవగలరు. ఆకలితో మాడ్చితే తప్ప ఆ కోట లొంగదు. ఆయన అంకెలు గుండుగుత్తగా ఉన్నా సరే, వాటితోనే లెక్క వేద్దాం.

మనిషికి రోజుకు అర కిలో బియ్యం అనుకోండి. 34 వేల మందికి రోజుకు 17 టన్నులు. పెరికెద్దు మీద వంద కిలోలు వేస్తే, రోజుకు 170 ఎద్దుల బరువు. ఒక్క రోజుకు! అలా 540 రోజులు. ఏనుగుకు రోజుకు 150 కిలోల మేత తక్కువలో తక్కువ. 800 ఏనుగులకు 120 టన్నులు. ఉదయగిరి ప్రాంతం మెట్ట. పచ్చిక దొరికే సీమ కాదు. మొదటి నెలలోనే చుట్టుపక్కల గడ్డి అయిపోయి ఉంటుంది. ఆ తర్వాత మేత ఎంత దూరం నుంచి వచ్చిందో ఆలోచించండి.

ఇంకో సంగతి పుస్తకంలో దొరకదు. మేము కంచర గాడిద మీద బరువు కట్టేటప్పుడు రెండు వైపులా చేత్తో ఎత్తి చూసేవాళ్లం. ఒక పక్క రెండు కిలోలు ఎక్కువైతే జీను వాలుతుంది. మూడు రోజుల్లో వీపు ఒరుస్తుంది. అయిదో రోజుకు పుండు పడుతుంది. పుండు పడ్డ జంతువు మోయదు, అది మోయకపోతే పైన కాపలా ఉన్నవాళ్లకు ఆ రోజు తిండి లేదు. సరిగా కట్టని ఒక్క ముడి వల్ల మంచులో పదకొండు మంది ఒక రాత్రి అటుకులు నమిలి గడిపారు. ఆ ముడి వేసింది నేనే. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లు. ఇప్పటికీ తాడు పట్టుకుంటే ఆ రాత్రి గుర్తొస్తుంది. 170 ఎద్దులు, 540 రోజులు, ఎన్ని ముడులో మీరే చెప్పండి.

ఆ ఏడాదిన్నరలో రాయలు కొండరాళ్లు పగలగొట్టించి, ఇరుకు దారిని వెడల్పు చేయించాడని నూనిజ్ అంటాడు. యుద్ధమంటే ఇదీ. సమ్మెట, గునపం, బియ్యం.

ఇప్పుడు కోట లోపలికి రండి. పదివేల మందికి రోజుకు అయిదు టన్నులు. 540 రోజులకు 2,700 టన్నుల ధాన్యం. సగం తిండితో సరిపెట్టుకున్నా 1,350 టన్నులు. శత్రువు కొండ చుట్టూ కూర్చున్నాక అంత ధాన్యం పైకి ఎక్కించడం కుదరదు. అది ముందే నిండి ఉండాలి, చెడిపోకుండా ఉండాలి, దొంగలపాలు కాకుండా ఉండాలి. నీళ్లు ఉండాలి. అలా గాదెలు నింపి పెట్టిన పాలకుడిని, ఆ తిండితో అన్నాళ్లు లొంగకుండా నిలిచిన దళాన్ని చేతగానివాళ్లు అని నేను అనలేను. ఆ అమ్మాయి అడిగింది న్యాయమైన ప్రశ్న. ఎదుటివాణ్ణి పిరికివాడిని చేస్తే రాయలు గెలిచిన యుద్ధమూ చిన్నదైపోతుంది. ఆ పిల్లవాడికి ఆ మాట చెప్పండి.

రెండో ప్రశ్న. కృష్ణకు ఉత్తరాన ఉన్న భూమి ఎందుకిచ్చాడు? హంపీ నుంచి సింహాచలం దారిలో కృష్ణ, గోదావరి అడ్డు. వానాకాలంలో ఆ రెండు నదులు సైన్యాన్ని ముక్కలు చేస్తాయి. వెనక బీజాపూరు కాచుకుని ఉంది. గెలిచిన ప్రతి కోటలో దళాన్ని ఉంచాలి, ప్రతి దళానికీ తిండి పంపాలి. రాయలు గజపతి కూతురిని పెళ్లాడి, కృష్ణను హద్దుగా పెట్టుకుని, సైన్యాన్ని వెనక్కి తిప్పాడు. 1520లో అదే సైన్యం రాయచూరు ముందు ఉంది. ఉత్తరాన కోటలకు కాపలా కాస్తూ ఉంటే అక్కడ ఉండేదా? నెపోలియన్ 1812లో మాస్కో దాకా వెళ్లాడు, ఎక్కడ ఆగాలో తెలియలేదు, ఆకలికీ చలికీ సైన్యాన్ని పోగొట్టుకున్నాడు. ఆగడం తెలిసిన సేనానులు చరిత్రలో తక్కువ. రాయలు ఆ తక్కువమందిలో ఒకడు.

గుణుపురం నుంచి, చరిత్ర అధ్యాపకురాలిని:

సుబేదారు గారూ, మీ బియ్యం లెక్క చదివి చాలాసేపు కదలలేకపోయాను. మా నాన్నగారు ఒడియా, అమ్మ తెలుగు. చిన్నప్పుడు నాన్న కపిలేంద్ర గజపతి కథలు చెప్పేవారు, అమ్మ అప్పాజీ కథలు చెప్పేది. అందుకని నాకు రెండు పక్షాలా రక్తసంబంధం ఉంది. కొంచెం గజపతి పక్షాన మాట్లాడనివ్వండి.

ప్రతాపరుద్రుడికి తాత నుంచి దక్కింది రాజ్యం ఒక్కటే కాదు, ఆ రాజ్యపు పొడవు కూడా. కపిలేంద్రుడి కాలంలో 1464 నాటికి గజపతి సైన్యం తిరుచిరాపల్లి దాకా వెళ్లింది. బిరుదు చూడండి. గజపతి, గౌడేశ్వర, నవకోటి కర్ణాట, కలబరిగేశ్వర. బెంగాల్, కర్ణాటకం, కలబరిగి మూడూ ఒక్క బిరుదులో! బిరుదు మిగిలింది గాని, దాన్ని నిలబెట్టే బలం మనవడి నాటికి మూడు దిక్కులకు చీలిపోయింది.

కటకం నుంచి ఉదయగిరికి సుమారు వెయ్యి కిలోమీటర్లు. హంపీ నుంచి అందులో సగం కూడా లేదు. 1509లో ప్రతాపరుద్రుడు దక్షిణాన ఉండగా బెంగాల్ సుల్తాన్ హుస్సేన్ షా సేనాని ఇస్మాయిల్ ఘాజీ ఒరిస్సా మీద పడ్డాడు. పూరీ ఆలయపు చరిత్ర గ్రంథం మాదళా పంజి ఈ కథ చెబుతుంది. రాజు హుటాహుటిన వెనక్కి వచ్చి, శత్రువును మందారణ్ కోట దాకా తరిమాడు. అక్కడ సొంత అధికారి గోవింద విద్యాధరుడు శత్రువుతో చేతులు కలిపాడని అదే పంజి అంటుంది. దక్షిణాన ఉంటే ఉత్తరం పోతుంది, ఉత్తరాన ఉంటే దక్షిణం పోతుంది. పడమట గోల్కొండ లేస్తోంది. కొడుకును విడిపించలేదని వ్యాపారి అన్నయ్యగారు అంటున్నారు. ఒక మనిషి ఎన్ని చోట్ల నిలబడగలడు?

ఇంకొక అపవాదు ఉంది. కృష్ణభక్తుడు చైతన్యుడు 1510లో పూరీ వచ్చాడు, రాజు భక్తిలో పడి కత్తి వదిలేశాడు, అందుకే రాజ్యం పోయింది అని కొందరు చరిత్రకారులు రాశారు. నేను దీన్ని ఒప్పుకోను. ఉదయగిరి పద్దెనిమిది నెలలు పోరాడింది చైతన్యుడు వచ్చాకనే. కొండవీడు, కొండపల్లి పోరాడింది కూడా ఆ తర్వాతే. కత్తి వదిలేసిన రాజ్యం అలా పోరాడుతుందా? రాజమహేంద్రవరంలో గజపతి అధికారిగా ఉన్న రామానంద రాయుడు గోదావరి ఒడ్డున చైతన్యుడిని కలిసి, పదవి వదిలి పూరీ వెళ్లిన మాట నిజం. ఒక అధికారి మనసు మారిన కథను రాజ్యం మొత్తానికి అంటగట్టారు.

అయితే ప్రతాపరుద్రుడి తప్పు లేదని అనను. విద్యాధరుడిని నమ్మి, ద్రోహం తెలిశాక కూడా దగ్గరే పెట్టుకున్నాడు. 1540లో రాజు పోయాక అదే విద్యాధరుడు ఆయన కొడుకులను చంపించి సింహాసనం ఎక్కాడు. శత్రువును అంచనా వేయడంలో కన్నా సొంతవాడిని అంచనా వేయడంలో ఎక్కువ పొరపాటు పడ్డాడు. నాన్నగారు ఈ కథ చెప్పేటప్పుడు ఇక్కడికి వచ్చి ఆగిపోయేవారు. తర్వాత ఏమైందని మేము అడిగితే, పొద్దుపోయింది, పడుకోండి అనేవారు.

కాశీనగర్ రైతు:

అందరికీ నమస్కారం. రాయలను, గజపతిని గురించి ఇంత మాట్లాడారు, సంతోషం. మన ఊళ్ల పక్కనే జరిగిన యుద్ధాన్ని కూడా పిల్లలకు చెప్పండి మాస్టారూ. 1768లో పర్లాకిమిడి రాజు నారాయణదేవు ఇంగ్లీషు కంపెనీ కర్నల్ పీచ్‌తో జలుమూరు దగ్గర తలపడి ఓడిపోయాడు. శ్రీముఖలింగం వెళ్లేవాళ్లంతా ఆ చుట్టుపక్కల నుంచే వెళతారు. ఎవరికీ తెలియదు. దానికి పదకొండేళ్ల ముందు, 1757లో, బొబ్బిలి కోట ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకు కూలింది. అది కూడా ఓటమే. కాని తాండ్ర పాపారాయుడి పేరు పల్లెపల్లెకూ తెలుసు, ఎందుకంటే బుర్రకథ ఉంది. మా నారాయణదేవుకు పాట కట్టినవాడు లేడు. ఓడినవాళ్లలో కూడా కొందరికే పేరు మిగలడం నాకు కష్టంగా ఉంటుంది.

బరంపురం పట్టుబట్టల వ్యాపారి:

సుబేదారు గారి లెక్కను నేను కాగితం మీద మళ్లీ వేసి చూశాను. కోటలో 2,700 టన్నులు అన్న దగ్గర ఆగిపోయాను. మా గోదాములో పట్టు నిల్వ పెడితేనే వానాకాలం చెమ్మకు నిద్ర పట్టదు. గజపతిని గురించి నేను వాడిన మాట కఠినమైనదే. అమ్మా, గుణుపురం నుంచి రాసినావిడా, మూడు దిక్కుల సంగతి నేను ఆలోచించలేదు. రాయల పటం మాత్రం గోడ మీదే ఉంటుంది.

పర్లాకిమిడి మాస్టారు:

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం పాఠం జరిగింది. ఎలా జరిగిందో చెప్పకపోతే మీ ఋణం తీరదు.

మళ్లీ నేల మీద తీరం గీశాను, గింజలు పెట్టాను. ఈసారి నేనేమీ చెప్పలేదు. 34 వేల మంది, మనిషికి అర కిలో, 540 రోజులు అని బోర్డు మీద రాసి లెక్క కట్టమన్నాను. తర్వాత కోట లోపలి పదివేల మంది లెక్క. గింజలు ఊడ్చిన పిల్లవాడే ముందు చేశాడు. 2,700 దగ్గర పెన్ను ఆపి, "ఇంత బియ్యం కొండ మీదికి ఎవరు ఎక్కించారు మాస్టారూ?" అన్నాడు. "గజపతి మనుషులు" అన్నాను. వాడు చాలాసేపు ఆ ఉదయగిరి గింజ వంకే చూశాడు.

తర్వాత ఆ అమ్మాయిని పిలిచి, ఒప్పందం తర్వాత హద్దు ఎక్కడో చూపించమన్నాను. ఆమె కొండపల్లి, రాజమహేంద్రవరం గింజలను తీసి కృష్ణకు పైన సర్దింది. ఉదయగిరిని, కొండవీడును వేలితో కిందికి జరిపింది. జరిపేటప్పుడు ఉదయగిరి దగ్గర ఒక్క క్షణం ఆగింది. మందారణ్ సంగతి, విద్యాధరుడి సంగతి చెప్పాను. జలుమూరు యుద్ధం వచ్చే వారం చెబుతానని మాట ఇచ్చాను, కాశీనగర్ బాబూ.

సుబేదారు గారూ, మీకు ఒక ప్రశ్న మిగిలింది. గంట కొట్టాక ఆ పిల్లవాడు నా వెనకే మెట్ల దాకా వచ్చి అడిగాడు: "రాయల సైన్యంలో అంతమందికి నీళ్లు ఎవరు తెచ్చారు?"

విశ్రాంత సుబేదారు, రాయగడ:

బాబుకు చెప్పండి మాస్టారూ. ఉదయగిరి సంగతి నేను చెప్పలేను గాని, రాయచూరుకు నడిచిన సైన్యంలో నీళ్లు మోసినవాళ్లను నూనిజ్ లెక్క వేశాడు. తోలు తిత్తులతో పన్నెండు వేల మంది. నీళ్లు తెచ్చిపెట్టే మనిషి లేని సైనికుడు కూడా దాహంతో చనిపోకూడదని వాళ్లను దారి పొడవునా నిలబెట్టారు.